కాగితంలో లేని మూడు పొదలు

ఇల్లు కొన్న కాగితంలో
రేకు కప్పు ఉంది, కట్టెల పొయ్యి ఉంది,
ఊడిన గేటు కూడా ఉంది.
మూడు గులాబీ పొదల ఊసు లేదు.
"రాయలేదంటే అమ్మలేదనే" అంది దోన్యా జ్లాతా.

ప్రతి గురువారం వస్తుంది,
రెండు వీధుల అవతలి అద్దెగదిలోంచి,
ఉన్ని శాలువా చెవుల మీదికి లాక్కుని.
తలుపు తట్టదు.
తిన్నగా పెరట్లోకి నడుస్తుంది.

మా పుంతా అరేనాస్‌లో గాలి ఇంటి పెద్దలాంటిది,
అది వంగమన్న వైపుకే చెట్లు వంగుతాయి.
అక్టోబరంటే ఇక్కడ వసంతం,
క్యాలెండరు అలాగే అంటుంది.
రేవులో వెల్డింగు ముగించుకొచ్చి చూస్తే
మూడు పొదలూ జ్వరం దిగని పిల్లల్లా ఒరిగి,
ఆకుల నిండా నల్లమచ్చలు,
విప్పకుండానే వడలిన మొగ్గలు.

నాకు మొక్కల సంగతి ఏం తెలుసు?
ఇనుము తెలుసు.
అది ఎక్కడ అలిసిపోతుందో, ఎక్కడ పగులుతుందో.
అయినా పాత పడవ పలకలు తెచ్చి గాలికి అడ్డం పాతాను.
గొర్రెల షెడ్డులో పారేసిన ఉన్ని మోసుకొచ్చి
మొదళ్ల చుట్టూ పరిచాను.
పీత డిప్పలు ఎండబెట్టి, సుత్తితో దంచి మట్టిలో కలిపాను.
వీధికుక్కలన్నీ వారం రోజులు మా గేటు దగ్గరే కాపురం.
ఎడెల్మిరా ముక్కు మూసుకుని అంది:
"పెళ్లికి నువ్వు తెచ్చిన పూలకి ఇంత వాసన లేదు."

మూడో వారంలో మూడో పొద
కుదుటి నుంచి ఒక కొమ్మ లేచింది.
పచ్చగా, నిటారుగా,
మోకాలి దాకా, ఆ తర్వాత నడుం దాకా,
గాలిని లెక్కచెయ్యకుండా.
ఎంత పొంగిపోయానంటే
క్రేను మీదున్న బాస్తియాన్‌కి కిందనుంచి కేకేసి చెప్పాను.
తక్కిన రెండింటి నీళ్లూ దానికే పోశాను.
ఉన్నవాడికే పెట్టడం నా ఒక్కడి జబ్బా?

గురువారం ఆమె వచ్చింది. వంగింది.
ఒక ఆకు తుంచి నా అరచేతిలో పెట్టింది.
"లెక్కపెట్టు."
ఏడు రెబ్బలు.
"నా గులాబీకి ఐదు. ఇది కింద వేరుది, అడివిది.
దీని మీదే నా ఎర్రదాన్ని అంటు కట్టారు.
మొయ్యమని పెట్టిన కాలు
మోసేదాని కూడు తింటోంది."

మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వాను.
ఉబ్బిన కణుపు ఒకటి కనబడింది.
అతుకు.
ముప్ఫై ఏళ్లుగా నేను చేసేదిదే,
రెండు రకాల ఇనుముని ఒకటేనని ఒప్పించడం.
వేలితో తడిమాను:
అతుకు గట్టిగానే ఉంది.
పైనే ప్రాణం లేదు.
గోటితో గీకితే బెరడు కింద
సిగరెట్టు బూడిద రంగు.

"కత్తిరించకు, లాగెయ్యి" అంది.
"కత్తిరిస్తే ఒకటికి నాలుగొస్తాయి."
మొదటి పొదలో ఒక పిలక లాగాను,
రెండోదాంట్లో రెండు.
మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది.
ఇది లాగేస్తే అక్కడ మిగిలేది పుల్ల.

చాలాసేపు ఆమె మాట్లాడలేదు.
శాలువా అంచు చెంప మీద టపటప కొట్టుకుంటోంది.
"ఆ ఎర్రది మా ఆయన తెచ్చింది కాదు,
ఎవరి గుర్తూ కాదు, అలా జాలిగా చూడకు.
సంతలో చవగ్గా వచ్చింది. నచ్చింది. అంతే."
ఆ తర్వాత రెండు గురువారాలు రాలేదు.
మూడో గురువారం వచ్చింది,
మూడో పొద వైపు చూడకుండా.

జనవరిలో మొదటి పొద ఒక్క పువ్వు పూసింది,
ఉడికిన బీట్‌రూట్ రంగు, ఒక రేక పురుగు తినేసింది.
రెండోది బతికుంది,
అంతకు మించి దాన్ని ఏమీ అడగలేదు.
అడివిది మరుసటేడు పలక దాటి కిటికీ అందుకుని
పలచటి పూలు పూసింది,
పొద్దున విప్పి, మర్నాటికి గాలికిచ్చేసే పూలు.

మార్చికి కాయలు. ఎర్రగా, గోలీలంత.
గురువారం కాని ఒక మంగళవారం
ఎవరో తలుపు తట్టారు.
దోన్యా జ్లాతా, చేతిలో ఖాళీ గాజు జాడీ.
"జాముకైతే గింజల నూగు తీసెయ్యాలి,
లేకపోతే గొంతు దురద" అంది, గడప మీదే నిలబడి.
"ఇది నాది కాదు కదా,
అందుకని అడుగుతున్నా."