తొమ్మిదో అంతస్తు

తిబిలిసీ చివర, గ్ల్దానీలోని ఆ పాత భవనంలో
లిఫ్టు కదలాలంటే డబ్బాలో ఇరవై తెత్రీల బిళ్ళ వెయ్యాలి.
వెయ్యలేదా,
పెళ్ళికి పిలవని మేనమామలా
మూతి బిగించుకుని అక్కడే ఉంటుంది.

నేను మెట్లెక్కుతాను.
లిఫ్టు కోసమని లామారా బామ్మ
ఫీజు కాక వేరేగా ఇచ్చే బిళ్ళ
కోటు లోపలి జేబులో దాచుకుంటాను.
అయిదు బిళ్ళలు కూడితే
వానలో తడవకుండా హాస్టలుకి ఒక బస్సు.

మూడో అంతస్తులో ఎప్పుడూ ఉల్లిపాయలు వేగుతుంటాయి.
అయిదో అంతస్తు కుక్క
నా బూట్ల చప్పుడు గుర్తుపట్టి
నవంబరులోనే మొరగడం మానేసింది.
ఏడో అంతస్తులో బల్బు లేదు.
ఆ చీకట్లో నిలబడి, ఆయాసం తీరేదాకా
రాత్రి హాస్టల్ వంటగదిలో కూర్చుని నేర్చుకున్న లెక్కని
పెదాల మీద మరోసారి నడిపిస్తాను.

యూనివర్సిటీలో నాది రాళ్ళ చదువు.
ముక్క చేతికిస్తే
ఏ సముద్రం అడుగున పుట్టిందో చెప్పగలను.
సంభావ్యత పాఠం దగ్గర మాత్రం
సాబా కంటే ఒక్క పేజీ ముందున్నాను.
ఆ ఒక్క పేజీకే నాకు జీతం.

వాడికి పదిహేడేళ్ళు.
పారాబోలా గియ్యమంటే బోర్లించి గీస్తాడు,
దాని కింద రెండు కళ్ళు పెడతాడు,
చెవుల దగ్గర సన్నగా, నడినెత్తిన ఒత్తుగా
జుట్టు దిద్ది
"ఎలా ఉంది టీచర్?" అంటాడు.
బాగుంది. నిజంగానే బాగుంది.
"ఎక్స్ ఎంత?" అంటాను.

కిటికీ పక్కన బామ్మ చిక్కుడు గింజలు ఏరుతుంటుంది.
నలభై ఏళ్ళు రష్యన్ పాఠం చెప్పిన మనిషి.
నేర్చుకునే పిల్లలు ఏటేటా పలచబడి
చివరికి ఆ తరగతి గదిలో చీపుళ్ళు పెట్టుకున్నారట.
మొదట్లో నా మీద కాపలా అనుకున్నాను.
గంట పూర్తవుతుండగా
చెంచాడు మురబ్బా, నాలుగు అక్రోటు పప్పులు.
తినేదాకా తలుపు దగ్గరికి పోనివ్వదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం కుర్చీ ఖాళీ.
"దిదూబేలో సెలూన్లో చేరాడు.
ప్రస్తుతం తలలు కడుగుతున్నాడు," అంది బామ్మ
కోపమో గర్వమో తేలని గొంతుతో.
జేబులో నా వేళ్ళు వాటంతటవే
బిళ్ళలు లెక్కపెట్టసాగాయి.
రేపు ఖనిజాల పరీక్ష. ఇరవయ్యో తారీఖు గది అద్దె.
"వెళ్ళొస్తాను మరి," అన్నాను.

"ఎక్కడికి? కూర్చో."
గింజల పళ్ళెం కింద నుంచి నోటు పుస్తకం తీసింది.
అక్టోబరు నుంచి నేను చెప్పిన ప్రతి లెక్కా
గీత దాటని అక్షరాల్లో.
రెండు చోట్ల ఎర్ర పెన్సిలుతో చుట్టిన సున్నా.
నా తప్పులు.
ఒకటి నాకు ఆ రాత్రే తెలిసింది.
రెండోది ఇప్పుడే చూస్తున్నాను.

"వాడి ముందు చెబితే
నీ మాటకి విలువుండదని ఊరుకున్నాను."
తర్వాత, గింజల వైపు చూస్తూ,
"లిఫ్టు చప్పుడు మా గోడకి వినిపిస్తుంది.
నువ్వొచ్చే రోజు ఎప్పుడూ వినపడలేదు."

చెవులు కాలాయి. మురబ్బా వద్దన్నాను.
వినిపించుకోలేదు.

తెల్లవీ మచ్చలవీ కలిపి
దోసెడు గింజలు గిన్నెలో పోసింది.
"చూడకుండా రెండు తీస్తే
రెండూ మచ్చలవే కావడానికి ఎంత అవకాశం?
ఇక్కడే ఆగిపోయాను."

అది తర్వాతి పేజీలో లెక్క.
"నాకూ ఇంకా రాదు," అన్నాను
ఆ ఇంట్లో మొదటిసారి.

బామ్మ పెన్సిలు చెక్కింది.
కుర్చీ నా పక్కకి లాక్కుంది.
ఒక్కో గింజా పైకి తీసి
ఇద్దరం రెండు కుప్పలు పెడుతుంటే
ఆ గింజల కోసమే పొయ్యి మీద పెట్టిన నీళ్ళు
మరిగి మరిగి సగమయ్యాయి.