ఇరవై ఏడో సీసా

కోఠీలో కాలేజీ, మూడో అంతస్తు.
తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.
నలభై రెండు సీసాలు,
ఫార్మలిన్‌లో పసుపెక్కిన చేపలు,
చీటీల మీద ఎవరిదో వంకర రాత:
"మూసీ, పురానాపూల్ దిగువ, ఆగస్టు."
ఏ ఏడాదో చెప్పేచోట సిరా కరిగిపోయింది.

జాబితా రాసివ్వమన్నారు పైవాళ్లు.
లాటిన్ పేర్లు పుస్తకంలో దొరికాయి,
ఇంట్లో పిలిచే పేర్లు దొరకలేదు.
రాంనగర్ మార్కెట్లో కత్తిపీట ముందునుంచి లేపి
పూస శాయవ్వను ఆటోలో తీసుకొచ్చాను.
రానుపోను కిరాయి, చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు:
అదీ ఒప్పందం.

కొంగుతో సీసా తుడిచి కిటికీకేసి పట్టింది.
"గిది చేదు పరక. కడుపు తియ్యకుంటె కూరంత కారుచేదు.
గిది ఇసుకదొందు. ఇసుక లేనికాడ ఉండది.
ఇసుకేడుంది ఇప్పుడు, లారీలెక్కిపాయె."
బొమ్మిడాయి దగ్గర మాత్రం నవ్వింది:
"అత్తగారింట్ల నా కంచంల పడ్డ మొదటి తునక."

ఆమె పేరు పెట్టి పిలిచినప్పుడల్లా
గాజు లోపల తోక కదులుతుందేమోనని
నేను జాగ్రత్తగా చూశాను.
ఏదీ కదల్లేదు.

ఇరవై ఏడో సీసా.
వేలెడంత చేప, నడుము మీద నల్లగీత.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"దీని పేరు మా అవ్వకెరుక"
అని మెల్లగా కింద పెట్టింది.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మెట్లు దిగుతూ అడిగాను, గంపలో ఇప్పుడేముంటాయని.
"బొచ్చె, రవ్వ. ఐసుల పండవెట్టి పంపుతరు.
చెర్ల పంట సారూ, ఏటి చేప గాదు.
వలేస్తె ముండ్ల దయ్యం చేప పడ్తది,
అమ్ముడువోదు, జెప్పన సావది.
ఎవరో ఇంట్ల గాజుతొట్టి కడిగి ఒంపిండ్రు."

శ్రావణంలో హిమాయత్‌సాగర్ గేట్లెత్తారు.
పురానాపూల్ కింద రెండు రోజులు
మూసీ నురగ మాని, మట్టిరంగులో
నదిలాగే పారింది.
పోరగాళ్లు దోమతెరలు పట్టుకుని దిగారు.
మూడోనాడు పొద్దున ఫోను:
"సారూ, నల్లగీతది! మా మనుమని తెరల పడ్డది."
కుర్చీలోంచి లేచాను. ఫోటో తీశారా,
నీళ్లలో ఉంచారా, ఎంత పొడుగు, సీసా తేనా?
"కడుపు నిండ గుడ్లున్నయి.
ఇడిసిపెట్టిన."

చాలాసేపు కోపంగానే ఉన్నాను.
సాయంత్రం రిజిస్టరు తెరిచి
ఇరవై ఏడో గడిలో,
పేరు రాయాల్సినచోట,
"ఇడిసిపెట్టినది" అని రాశాను.

జాబితా పంపి నాలుగు నెలలైంది.
పైవాళ్లు ఇంకా ఏమీ అడగలేదు.