నిమ్మళం

ఆ కట్టె ఆడ పారెయ్, తిప్పేసామీ.
కట్టె తగలాల్సిన పనిలేదు,
దాని నీడ పలక మీద పడితే చాలు
పంది ఆగిపోతాది.
రాత్రి మూడైతాంది. గుంతకల్లు రైలుగేటు లైటు
మన ఎనక ఉండాది. బండి తిప్పి పెట్టు.
ఎలుగు బండి లోపల పడల్ల.
చీకట్లోకి అడుగెయ్యమంటే నువ్వేస్తావా?

పలక మీద తడిపిన గోనె పరుచు. జారగూడదు.
ఒగసారి జారిన కాలు జీవితమంతా మర్సిపోదు.
జీవితమంతా అంటే, వీటికి
పొద్దున ఎనిమిది దాకా.

మాపటేల నుంచి మేత పెట్టలా.
నీళ్లు మాత్రం తొట్టి నిండుగా, రోంత బెల్లమేసి.
నిండు కడుపుతో కుదుపుల్లో కక్కుతాయి.
"ఆకలితో తోల్తావా మారెక్కా" అని మా మరిది నవ్వినాడు.
వాడు బస్సెక్కితే గుత్తి దాకా కిటికీలోనే తలకాయ పెట్టే మనిషి.

పక్క దొడ్డివి రెండు ఎక్కిద్దామా?
బాడుగ కలిసొస్తాదని?
ఒద్దు. వాసన ఎరగనివి ఇరుకులో కరుచుకుంటాయి.
అలిగిన వియ్యంకుల్ని ఒగే ఆటోలో కుక్కినట్లుంటాది.

రేకు పట్టుకోవాకు, మోగుతాది.
ఈ అట్టముక్క చాలు, గోడ మాదిరి పట్టుకో.
తలకాయకు ఎదురు పోవాకు.
తోక కాడ నిలబడి అరవాకు.
భుజానికి రోంత ఎనక, ఆడ,
ఆ, అట్ల నిలబడు.
చూడు, చెవికోతది ముందు నడిచింది.
దాని ఎనక బొల్లిది. ఇంగ అన్నీ పోతాయి.

నాకెవురు నేర్పిరంటావా?
మా జేజినాయన చెప్తాండె.
హాజరుపట్టీ ఉన్న కాలంలో
నడిరాత్రి గుడిసెల మీద పడి
ఆడామగా అందర్నీ లారీకి ఎక్కిస్తాండ్రంట.
మనిషి కనపడకముందే
గోడ మీద కట్టె నీడ కనపడేదంట.
అంతవరకే చెప్తాండె.
పందుల్ని తోలేటప్పుడు మాత్రం
ఆయప్ప చేతిలో యాపమండ గూడా
నేనెప్పుడూ చూడలా.

పోనీ ఇంగ. గుంతల కాడ తొక్కాకు.
ప్యాపిలి కాడ టీ అనాకు,
బండి నిలబడితే గాలి నిలబడతాది.
పందికి చెమట పట్టదు నాయనా,
దేవుడు ఆ భాగ్యం మనకిచ్చినాడు, మనం తిట్టుకుంటాం.
ఎండెక్కే లోపల డోన్ దాటల్ల.

కర్నూల్లో ఏసోబు అంటాడు,
"మారెక్కా, నీ కూర నీళ్లు కారదు" అని.
బెదిరి చచ్చిన దాని కూర పాలిపోయి,
మెత్తగా, పళ్లెంలో నీళ్లు ఒదుల్తాదంట.
అందుకే కిలోకు పది రూపాయలు ఎక్కువిస్తాడు.
పది రూపాయల కోసమేనా ఇదంతా అంటావా?
అట్లే అనుకో.
అట్లనుకుంటే నిద్ర పడతాది.

వచ్చినాం. ఇంజను ఆపు. తలుపు మెల్లగా తియ్.
ఏసోబుకు చెప్పినా, గంటసేపు ఎవురూ లోపలికి రావద్దని.
నీళ్లు చల్లు, వీపు మీద, మూతి మీద కాదు.
పండుకోనీ. పక్కపక్కనే పండుకుంటాయి
మా దొడ్లో మాదిరే.

నేను ఈ గోడ ఇవతల కూసుంటా.
నా గొంతు ఇనపడితే
చెవికోతది లేసి వస్తాది,
కొంగులో బెల్లం ముక్క ఉంటాదని.
అందుకే ఈ పొద్దు నుంచి నేను మాట్లాడను.
నువ్వే చూసుకో, తిప్పేసామీ.

నిమ్మళంగా.