పదిహేడో ప్రశ్న

కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు దిగి
దీక్షా శిబిరం దాటి నడిచాను.
రోజుల లెక్క రాసే నల్లబోర్డు మీద
ఎవరో నిన్నటి అంకెనే
ఈ రోజుకీ ఉంచేశారు.

నా సంచిలో నలభై రెండు ప్రశ్నల ఫారాలు.
'పారిశ్రామిక క్షీణత: సామాజిక, రాజకీయ ప్రభావాలు.'
సముద్రం కనబడే గదిలో కూర్చుని
ఇంత పొడుగు మాట సులువుగానే రాశాం.
అగనంపూడి కాలనీలో, రేకుల వరండాలో
ఎర్నమ్మ ముందు చదవబోతే
నాలుక మడతపడింది.

"గేటుపాసు ఆపేసి ఎన్నాళ్లయింది?"
"మా ఆయన్నడుగు."
ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.
ఏ షిఫ్టు టైముకే లేచి
బూట్లు తుడిచి, గుమ్మం పక్కన పెట్టి
మళ్లీ పడుకుంటాడట.

పదిహేడో ప్రశ్న:
ఉపాధి పోయాక మీ ఇంట్లో గమనించిన మార్పు?

చాలాసేపు బకెట్టు వైపు చూసింది.
"బట్టలుతికితే నీళ్లు నల్లగా పోయేవి పాపా.
ఇరవయ్యేళ్లు తిట్టుకున్నాను ఆ మసిని.
ఇప్పుడు తేటగా పోతన్నాయి.
ఆ తేటనీళ్లు సూస్తే
గుండె దడ."

నా ఫారంలో గడి చిన్నది.
'ఆదాయం తగ్గింది' అని రాసి
కొట్టేసి
'నీళ్లు తేటబడ్డాయి' అని రాశాను.
మా సారు దీన్ని ఏ కోడు కింద వేస్తారో.

రాజకీయం గురించి అడిగితే నవ్వింది.
పెద్దోడు సోమవారం ఒక జెండా
గురువారం ఇంకో జెండా మోస్తాడు.
కూలి అదే, బిర్యానీలో ముక్కే మారుతుంది.
ఒకప్పుడు యూనియన్ ఎన్నికలొస్తే
ఈ వీధిలో తోడల్లుళ్లు మొహాలు చూసుకునేవారు కారు.
ఇప్పుడు తగువుల్లేవు.
అందరికీ ఒకడే అప్పులోడు.

ట్రంకుపెట్టె తీసి
ప్లాస్టిక్ కవర్లోంచి మామగారి ఆర్ కార్డు చూపించింది.
ఒక నుయ్యి, మునగచెట్టు, ఎనభై సెంట్ల జీడితోట
అంత చిన్న అట్టలో ఎలా పట్టాయో.
"ఊరు తీసి పేంటు ఎట్టారు.
ఇప్పుడు పేంటు తీసి
ఏటెడతారు?"
నా నలభై రెండింటిలో ఈ ప్రశ్న లేదు.

చీకటి పడింది.
ప్లాంటు వైపు ఆకాశం ఒక మూల కాస్త ఎర్రబడింది.
ఆయన లేచి కూర్చుని, ఆ ఎరుపుని
డాక్టరు నాలుక చూసినట్టు చూసి
"రెండోది లేపలేదు" అన్నాడు.
ఆ రోజంతటికీ ఆయన మాట అదొక్కటే.

ఫారం మీద వేలిముద్ర వద్దు, సంతకం పెడతానంది.
పెట్టి, పెన్ను తిరిగిస్తూ
"అన్నట్టు, నీ ఉజ్జోగం పెర్మనెంటేనా పాపా?"
"పదకొండు నెలల కాంట్రాక్టు."

ఎర్నమ్మ లేచి స్టవ్ వెలిగించింది.
"అయితే కూకో.
టీ తాగెల్దువుగాని."