నలభైయ్యో దు

చిత్తూరు కోర్టు గోడకి ఆనుకోని
మూడడుగుల బంకు.
రబ్బరు కాలే వాసనొస్తే
చెంగల్రాయుడు మేస్త్రి పనిలో ఉండాడని లెక్క.

నాకప్పుడు పన్నెండేండ్లు. నా పని
సీసం అక్షరాల్ని గళ్ళల్లో సర్దడం.
తిరగబడి ఉంటాయి కదా అవి,
మొదట్లో తల వంచి వంచి చదివేవాణ్ణి.
తర్వాత లోకమే తిరగబడింది, నాకు సులువైంది.

పేరెత్తకూడని ఆయన గద్దెనెక్కిన ఎండాకాలం
పాత ముద్రలన్నీ దొంగవని దండోరా వేశారు.
తాసిల్దారుకి కొత్తది, సబ్ రిజిస్ట్రారుకి కొత్తది,
పశువుల డాక్టరుకీ కొత్తది.
బండి సంతపేట దాటాలంటే
మామిడికాయ మీద కూడా ఊదారంగు చుక్క.
"మనకి మంచికాలం వచ్చింది రా" అన్నాడు మేస్త్రి,
నవ్వలేదు.

నెల తిరక్కుండానే
కొత్త ముద్రల్నీ ఎవరో దొంగగా చేస్తా ఉండారని అనుమానం.
ముద్ర నిజమేనని చెప్పే ముద్ర కావాలన్నారు. చేశాం.
దాన్ని నమ్మడానికి ఇంకొకటి. అదీ చేశాం.
కడాకు ఒక కాయితంలో
రాసింది రెండు వరసలు, ముద్రలు పదకొండు.
ఆ మరకల కింద
ఎవరికేం మంజూరయిందో కొండమీద సామికే తెలియాల.

ఒక సాయంత్రం హెడ్డు కానిస్టేబులు ఏకాంబరం వచ్చి
గళ్ళ ముందర గొంతుక్కూచున్నాడు.
"కా ఇన్నెందుకు? దు ఇన్నెందుకు?
పక్కపక్కన పెడితే ఏమవుతాదో
పైవాళ్ళకి తెలీదనుకున్నావా?"

కా లేకపోతే అధికారి లేడు. అందుకని అది బతికిపోయింది.
దు మాత్రం గుడ్డసంచిలో పోసుకున్నాడు.
మేస్త్రి చేత వేలిముద్ర వేయించుకున్నాడు,
సంతకం మీద నమ్మకం లేదంట.

ఆ పొద్దు నుంచి
రశీదు అడిగినోళ్ళకి రశీ ఇచ్చినారు.
"చెల్లదు" ముద్ర అరిగిపోయింది, ఇంకోటి చేయలేకపోయాం.
ఇంగ జిల్లాలో చెల్లనిదంటూ లేదు.
గుడిపాల దొంగ పట్టాలు చెల్లినాయి,
చచ్చిపోయిన మునెమ్మ పింఛను చెల్లింది,
ఒకే చేనికి ముగ్గురు సొంతదారులొచ్చి
ముగ్గురూ నిజమై
గట్టు మీద కూచోని ఏడ్చినారు.

తొలివానలకి జీపొచ్చింది.
ఆఫీసరు రెండు కాయితాలు చాపాడు.
ఒకదాంట్లో గద్దె మీద ఆయనే ఉండాడు,
రెండోదాంట్లో ఆయన్ని దించేసినారు.
రెండిటికీ అవే పదకొండు ముద్రలు.
"ఏది నిజం?"

మేస్త్రి కళ్ళజోడు పంచెకి తుడుచుకున్నాడు.
లాంతరు దగ్గర పెట్టి చూశాడు, శానాసేపు.
"రెండూ నా చేతివే సామీ."
ఆ గొంతులో భయం వెతికినాను.
రవ్వంత గర్వం దొరికింది.

చెప్పులు కూడా వేసుకోనీలేదు.
పొయ్యి మీద రబ్బరచ్చు అట్లే మాడింది.

ఏకాంబరం సంచిలో ముప్పైతొమ్మిదే తేలినాయంట.
ఉండాల్సింది నలభై.
ఆ సాయంత్రం నా గిన్నెలో మిగిలిన సంగటిముద్ద
ఒక్క పిసరు బరువెక్కువ. ఎవురూ విప్పి చూడలేదు.

ఆయన పోయినాడు, ఇంకో ఆయన వచ్చినాడు.
మేస్త్రి రాలేదు.

కొన్ని రాత్రులు ఆ ముక్కని తీసి
అరచేతిలో గట్టిగా ఒత్తుకుంటాను.
సీసం మీద తిరగబడి ఉండే అక్షరం
చర్మం మీద సరిగ్గా పడతాది.
కాసేపుంటాది.
మళ్ళీ ఒత్తుకుంటాను.