జానెడు మెట్టు

కాళహస్తి దాటినాక స్వర్ణముఖి ఇసకలో మలుపు తిరిగే చోట
ఏటికి అడ్డంగా గోడ గీయమన్నారు నన్ను.
ఎత్తు తొమ్మిదడుగులు.
పొడుగు నా కాగితం మీద మూరెడు.
ఇరవై మూడు చెరువులకు నీళ్ళు.
కాగితం మీద ఎవరికీ ఏ నష్టమూ లేదు.

చెంగమ్మ వచ్చింది, నడుముకు బుట్ట, చేతిలో ఊత.
"గోడ సరే సామీ, జెల్లలు యాడికి పోవాల?"
నేను నవ్వలేదు.
నవ్వేసి ఉంటే ఆ మాట అక్కడే ఇసకలో ఇంకిపోయేది.

ఎండాకాలమంతా ఈ ఏరు ఏరు కాదు,
లారీలు తవ్వుకుపోయిన గుంతలు,
గుంతల్లో మోకాలి లోతు పచ్చనీళ్ళు,
ఆ నీళ్ళలో ఊపిరి ఉగ్గబట్టుకున్న ప్రాణాలు.
దీపావళి ముసురు పట్టి ఏరు ఎర్రగా దిగిన రాత్రి
కడుపుతో ఉన్నవన్నీ ఒక్కసారి పైకి మళ్ళుతాయి.
ఏటికి ఎదురీదొద్దని మనం పిల్లలకు చెప్పుకుంటాం.
వాటికి అదే పురిటి దారి.

"చేపలకు మెట్లా?" అన్నాడు కాంట్రాక్టరు మునిరత్నం,
"మొక్కుబడేమైనా ఉందా వాటికి?"
అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.
రాత్రి మాత్రం గోడ పక్కన మెట్లు గీశాను,
ఒక్కొక్కటి అడుగున్నర, మొత్తం ఆరు.

చెంగమ్మకు పటం చదవడం రాదు. చెయ్యి చాపి చూపించాను.
"మోకాళ్ళ పర్వతం కాడ నువ్వెట్ట ఎక్కినావు సామీ?"
"చేతులు ఆనించి."
"చేపకు చేతులేవి?"

చెరిపేశాను.
అడుగున్నర జానెడయింది, ఆరు మెట్లు పన్నెండయ్యాయి.
మెట్టుకో తొట్టి, నడకదారిలో మండపం నీడన కూలబడ్డట్టు
కాసేపు ఆగి మొప్పలు కదుపుకోవడానికి.
అడుగున గరుకు రాళ్ళు.
కాలవ నోటికి వేలు దూరని జల్లెడ.
ఎస్టిమేటు పెరిగింది. మునిరత్నం టీ పంపడం మానేశాడు.

గోడ లేచింది. ముసురూ వచ్చింది.
టార్చి పట్టుకుని పన్నెండు తొట్లలోకీ తొంగి చూశాను.
నీళ్ళు, నురగ, ఒక చెప్పు.
నా మెట్ల మీద ఎవరూ లేరు.

అవతల నడిమి గేట్ల కింద,
ఏరు విరుచుకుపడే చోట,
వందలుగా ఎగిరి గోడకు తలలు కొట్టుకుంటున్నాయి.
తెల్లటి పొట్టలు టార్చి వెలుగులో మెరిసి
మళ్ళీ ఎరుపులోకి జారిపోతున్నాయి.
నా లెక్కల్లో ఈ చప్పుడు లేదు.

చెంగమ్మ చెవి ఒగ్గి నిలబడింది చాలాసేపు.
"యేరు యాడ అరిస్తే చేప ఆడికి పోతాది.
నీ మెట్ల కాడ యేరు గుసగుసలాడతా ఉండాది."

లస్కరు గురవయ్యను లేపాను.
నడిమి గేట్లు దించి, మెట్ల పక్క గేటు ఎత్తించాను.
ఆ ఆర్డరు నాకెవరూ ఇవ్వలేదు.
నీళ్ళ గొంతు మెల్లగా పక్కకు జరిగింది.

ముందు వచ్చింది వేలెడు పరిగె.
తర్వాత రెండు జెల్లలు, మీసాలు వెనక్కి అంటుకుపోయి.
తర్వాత లెక్క తప్పాను.
పెద్ద వాలుగ ఒకటి ఏడో తొట్టి దాకా ఎక్కి
ఎందుకో వెనక్కి తిరిగింది.
దానికి ఏం తక్కువ చేశానో ఇప్పటికీ తెలీదు.

పై మెట్టు మీద వల పట్టిన పిల్లోళ్ళను
చెంగమ్మ నోటికొచ్చినట్టు తిట్టి తరిమింది.
తన ఊత ఆ రాత్రి నీళ్ళలో దిగలేదు.
జాలి అనుకునేరు. గుడ్లు పెట్టకుంటే
వచ్చే ఏడు తనకు కూడేది?

తెల్లారి ఎం-బుక్కు తెరిచాను.
సిమెంటుకు గడి ఉంది, కంకరకు ఉంది, ఇనుముకు ఉంది.
అంచున పెన్సిలుతో రాశాను:
'రాత్రి రెండు గంటలకు, సుమారు నూట నలభై.'

బుట్ట ఎత్తుకుంటూ ఆమె గోడను ఇటు నుంచి అటు చూసింది.
"ఎక్కినాయి, బాగుండాది.
కొండెక్కినోళ్ళు మళ్ళా దిగాల గదా సామీ,
పిల్లల్ని ఎంటబెట్టుకోని.
దానికేం గీసినావు?"