వెళ్ళం

సూళ్ళూరుపేటలో తెల్లారుజామున ఎక్కిన లోకల్
తండయార్‌పేటలో దించేసరికి ఏడున్నర.
సోమ, బుధ, శుక్ర.
చీరలకు ఫాల్స్ కుట్టే చెయ్యి నాది,
ఇప్పుడు దానికే రెండు సూదులు.
నాలుగ్గంటలు కదలకూడదు.
ఎదురు గోడ మీద
రోజుకు లీటరే నీళ్ళని అరవంలో ఒక కాగితం.

మూడో కుర్చీ ఎళిలరసి, కాసిమేడులో చేపలమ్ముతుంది.
నాలుగు మొయ్దుక్క, టీ కొట్టాయన, తలశ్శేరి.
ఐదు బైధరు, మెట్రో పనికొచ్చిన ఒడియా కుర్రాడు,
ఇరవై ఆరేళ్ళకే.
ఏడు నెలలు పక్కపక్కన కూర్చుని
సాప్టీంగళా దాటి ఒక్క మాట పోలేదు.

ఆ బుధవారం కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
మిషన్లన్నీ ఒక్కసారి కీచుమన్నాయి.
గొట్టంలో నా నెత్తురు నిలబడిపోయి
నన్నే చూస్తోంది.
సిస్టర్ సెల్వకుమరి పరిగెత్తుకొచ్చి
తిరగలి తిప్పినట్టు నా పంపు చేత్తో తిప్పింది.
మూడుకి ఆయా, నాలుక్కి వాచ్‌మన్,
ఐదుకి మనిషి లేక
బైధరు ఖాళీ చేత్తో తన నెత్తురు తానే తిప్పుకున్నాడు.

భయానికి ఎళిలరసి లెక్కపెట్టడం మొదలెట్టింది.
ఒణ్ణు, అంది. ఒకటి, అన్నాను.
రెండు దగ్గర ఇద్దరి నోళ్ళూ కలిశాయి.
మూణు, మూడు, మళ్ళీ విడిపోయాం.
నాలు దగ్గర మొయ్దుక్క దొరికాడు ఆమెకి.
పిడి తిరిగే వేగం లెక్కకి అబ్బింది,
మొయ్దుక్క వేళ్ళు కుర్చీ చేతి మీద దరువేశాయి.
వంద దాటాక విసుగొచ్చి
ఎళిలరసి ఒక నండును కథలోకి తెచ్చింది.

నండంటే ఎండ్రకాయ. అప్పుడు నాకేం తెలుసు!
రెండు అని విని
నా వంతులో ఇద్దరు అక్కచెల్లెళ్ళను పుట్టించాను.
కాదని మొయ్దుక్క
అయిదు వేళ్ళూ అడ్డంగా నడిపించి చూపించాడు.
బైధరు నవ్వి, కంకడా, అన్నాడు.
నేను కంకర అనుకుని
అక్కచెల్లెళ్ళను బస్సెక్కించి కంకర రోడ్డు మీద కుదిపేశాను.
తెలియని చోటల్లా ఊ కొట్టాం.
ఊ ఒక్కటే ఎవరూ తప్పుగా వినలేదు.

కథ ఎటు మళ్ళినా నీళ్ళ దగ్గరికే పోతోంది,
మాకు లేనివి అవే గనక.
బావి, బోరింగు, గోలీ సోడా, ఐసు ముక్క.
చివరికి మొయ్దుక్క కళ్ళు మూసుకుని
వెళ్ళం, అన్నాడు.
ఆయన భాషలో మంచినీళ్ళు.
ఎళిలరసి ఉలిక్కిపడి కాళ్ళు పైకి లాక్కుంది,
ఆమెకది వరద. రెండుసార్లు ఇంట్లోకి వచ్చిపోయింది.
నాకు మాత్రం ఉన్నదున్నట్టు తెలుగులో వినపడింది.
దాన్నే అందుకున్నాను:
వెళ్ళం.
వెళ్ళం, అన్నాడు బైధరు పిడి తిప్పుతూ, ఎందుకో తెలియకుండానే.
ఆయా, వాచ్‌మన్, వెనక ఎవరో దగ్గే ముసలాయన.
పదకొండు నిమిషాలు.

కరెంటొచ్చాక
ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోడానికి సిగ్గేసింది.
శుక్రవారం సిస్టరే అడిగింది,
బస్సు ఎక్కడిదాకా వచ్చిందని.
బైధరు రక్తపరీక్ష కాగితం వెనక
బాల్‌పెన్నుతో దానికి పది కాళ్ళు గీశాడు.

ఆడిలో మొయ్దుక్కకు ఫిస్టులా మూసుకుపోయి
పెద్దాసుపత్రిలో చేర్చారు.
నాలుగో కుర్చీలో ఇప్పుడు కొత్తాయన,
కోలారు వైపు డ్రిల్లు మాస్టారట.
మొయ్దుక్క వంతు వచ్చేసరికి కథ ఆపుతాం,
ఎనిమిది దరువులు పట్టేంత సేపు
వట్టిగా వదిలేస్తాం.
ఎందుకాగారని ఆయన కళ్ళతోనే అడిగాడు.
ఎళిలరసి చెప్పబోయి నావైపు చూసింది.
నేను ఖాళీ చేతి వేళ్ళు
దుప్పటి మీద అడ్డంగా నడిపించాను.

ఏడి, అన్నాడాయన.

కన్నడంలో ఎండ్రకాయని
సాయంత్రం రైల్లో ఎవరో చెప్పారు గానీ
అప్పటికే నోరు జారాను:
వస్తాడు.